ఓపల్ నోరు

నీటి మీద నోళ్లు.

చిన్న చిన్న నోళ్లు, తెరుచుకుంటూ, మూసుకుంటూ. చప్... చప్... చప్.

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆర్లిస్ తన చెరువు గట్టు మీద నిలబడి ఆ చప్పుడు వింటున్నాడు. అలబామాలో ఆగస్టు ఉక్క. గాలి లేదు. ఎండ మొహం చూసి రోజులైంది. నీళ్లు కుళ్లిన గడ్డి వాసన వేస్తున్నాయి.

ఆ వాసన అతని చేతి చలవే.

పోయిన వారం బావమరిది డ్వెయిన్ ఫోన్లో నవ్వాడు. "శనివారం వస్తున్నా బావా! నాచు నిండిన నీ చెరువుకు గాలం తేనా, కొడవలి తేనా?"

అంతే, ఆర్లిస్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది.

"నాచు మందు ఒక మూల కొట్టి ఆగు. మిగతాది తర్వాత చూద్దాం," అంది భార్య నీవా.

ఆగలేదు. చెరువంతా మందు కొట్టాడు. నాచంతా ఒక్కసారే చచ్చింది. ఒక్కసారే అడుగుకు దిగింది. కుళ్లుతూ కుళ్లుతూ నీటిలోని ఊపిరంతా తాగేసింది.

చప్... చప్.

ఇవి చిన్నవి. ఎలాగో నెట్టుకొస్తాయి. ఊపిరి చాలనప్పుడు ముందు పోయేవి పెద్ద బాస్‌ చేపలే.

ఓపల్ ఎక్కడ?

ఆ పెద్ద బాస్ మొదటిసారి గాలానికి పడ్డప్పుడు నీవా పకపకా నవ్వింది. "ఆ నోరు చూడు, అచ్చం మీ అమ్మే!" అలా అత్తగారి పేరు చేపకు పెట్టేసింది. అమ్మ పనిగట్టుకుని వచ్చి చూసి, "నా అంత అందం లేదులే," అంది. అప్పటినుంచి ఎవరికి పడ్డా ఓపల్‌ను నీళ్లలో వదలాల్సిందే.

పోయిన చలికాలంలో అమ్మ చనిపోయింది. ఆ పేరుకు పలికే నోరు ఈ చెరువులోనే మిగిలింది.

ట్రాక్టర్‌కు పంపు తగిలించాడు. నీటిని ఎత్తి గాలిలోకి చిమ్మాలి. ట్రాక్టర్ దగ్గింది... ఆగింది.

"తిట్టకు, తిప్పు," అంది నీవా, రాత్రి గౌను మీదే రబ్బరు బూట్లతో.

అంటుకుంది. నీరు లేచింది.

గాలం భుజాన వేసుకుని డ్వెయిన్ వచ్చాడు. నోళ్లు చూశాడు. గాలం గడ్డిలో పడేసి, నడుము లోతుకు దిగి, గొట్టం పట్టుకున్నాడు.

"నా నోటిదూల వల్లే బావా..."

"నోర్మూసుకుని పైకెత్తు."

అవతలి ఒడ్డు నుంచి ఒక తెల్లటి పొట్ట తేలుతూ వచ్చింది. పొడవైనది. నీవా కర్రతో తిప్పి చూసింది. "కాదు. ఓపల్ కాదు."

ఇంకొకటి.

"ఇదీ కాదు."

హమ్మయ్య అనుకున్నాడు ఆర్లిస్. చచ్చినవీ తను పెంచినవే కదా — అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు, విల్లో చెట్టు నీడలో, ఒక నోరు.

పెద్దది. కింది పెదవి మీద పాత గాలపు గాటు.

"గొట్టం ఇటు తిప్పరా!"

తుంపర ఆ నీడ మీద పడింది. నోరు తెరుచుకుంది. చప్.

"అమ్మా..." అన్నాడు. ఎవరిని పిలిచాడో అతనికీ తెలియలేదు.

నోరు మూసుకుంది.

మళ్లీ తెరుచుకోవాలి. ఆర్లిస్ కదల్లేదు. గట్టు మీద తనే నోరు తెరుచుకుని నిలబడ్డాడు.