దానిమ్మగింజ

శీనమ్మ టిఫిన్ గిన్నెలో అన్నం అదిమి, పక్కన ఇంత ఊరుబిండి పచ్చడి పెట్టి మూత వేస్తుంటే, మంచం మీదనుంచి మొగుడు మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఏమే, ఇయ్యాలన్నా అంటావా?”

“ఏందనేది?”

“తెలీనట్టు అడగతాది చూడు! నా పేరే.”

“నాకు బస్సు టైమయింది.”

“ఈ బస్సు పోతే ఇంకోటి వస్తాది. మన పెళ్ళే సగంలో నిలబడి ఉండాది.”

ఆ నాలుగు మాటలకే అతను మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. శీనమ్మ అతని వీపు వెనక దిండు సర్ది, నీళ్ళచెంబు చేతికి అందేట్టు పెట్టింది. “నోరు మూసుకోని పడుకో. ఎదురింటి కుమారికి చెప్పినాను, వచ్చి కాఫీ పోస్తాది” అని కసిరి గడప దాటింది.

ఎదురింటి పిల్ల పూర్తి పేరు రత్నకుమారి. శీనమ్మ మొగుడి పేరు రత్నం. అందుకని ఆ పిల్ల పుట్టిన దగ్గరనుంచీ శీనమ్మకు ఉత్త కుమారే.

పెళ్ళి సగంలో ఉందన్న మాటలో అబద్ధమేమీ లేదు. గుడిలో పాస్టరుగారు ప్రమాణం ఒక్కో ముక్కా చెబుతూ ఉంటే పెళ్ళికూతురు బుద్ధిగా అప్పజెప్పింది. ‘రత్నం అను నిన్ను’ అన్నచోటికి వచ్చేసరికి నోరు కదిలింది గానీ మాట రాలేదు. పాస్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అంతే. బయట పందిట్లో భోజనాలు చల్లారిపోతున్నాయని ఎవరో దగ్గారు. ఆయన “ఊఁ” అనేసి తర్వాతి ముక్కకు వెళ్ళిపోయారు. మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తరిగిపోతుందని శీనమ్మకు వాళ్ళ అవ్వ ఉగ్గుపాలతో నూరిపోసింది. ఆ ఇంట్లో ప్రభువును నమ్ముకుని మూడు తరాలైంది. అవ్వ మాటను మాత్రం ఏ తరమూ వదులుకోలేదు.

ఇక ఆ తర్వాత ఆమె పడిన పాట్లు ఎన్నని చెప్పాలి! ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసేవాడు పేరడిగితే వెనక నిలబడ్డవాళ్ళను బతిమాలేది. “అన్నా, నువ్వు చెప్పన్నా, ఉంగరాల్లో ఉంటాదే, అది.” వాళ్ళు పగడం అనేవాళ్ళు, కెంపు అనేవాళ్ళు. ఒకసారి ఆ గోలలో ఎవరో వజ్రమని చెబితే, వాడు అదే రాసిన సంగతి తెలియక చీటీ తెచ్చుకుంది. ఆ పూటంతా నర్సు “వజ్రం! వజ్రం ఎవరు?” అని కేకలు వేస్తుంటే, మొగుడూ పెళ్ళాలిద్దరూ బల్లమీద కూర్చుని ఎవరా వజ్రమని తామూ వెతికారు. ఇంటికొచ్చాక రత్నం నవ్వీ నవ్వీ నులకమంచం పట్టె విరగ్గొట్టాడు.

అట్లా నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేడు. వయసులో ఉండగా కాకిబంగారం గనుల్లో దిగి పనిచేశాడు. గనులు మూతపడినా ఆ దుమ్ము మాత్రం అతని ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. పోయిన నెల నెల్లూరు డాక్టరు ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, “ఇంటికి తీసుకెళ్ళమ్మా. ఏం అడిగితే అది పెట్టు” అన్నాడు. రత్నం అడిగింది తినేది కాదు. దారిలోనే అడిగాడు. “ఇంక తగ్గేదానికి ఆయుష్షు యాడుండాది? ఒక్కతూరి పేరు పెట్టి పిలవ్వే. పెళ్ళి పూర్తిచేసుకోని పోతా.” మాట వేళాకోళంగానే ఉంది, కళ్ళు మాత్రం అట్లా లేవు. ఆ రోజునుంచీ పొద్దున్నే ఇదే పాట.

ఉదయగిరి నుంచి వచ్చే బస్సు ఆత్మకూరు పొలిమేరలో శీనమ్మను దింపింది. రోడ్డు పక్కనే రాళ్ళ యార్డు. లారీలు తెచ్చి కుమ్మరించిన పలుగురాళ్ళను ఆడవాళ్ళు రేకుల పందిరి కింద కూర్చుని చిన్న సుత్తులతో పగలగొట్టి, రంగును బట్టి కుప్పలు వేస్తారు. శీనమ్మ పాత చీరపేలికలు చూపుడువేలికీ బొటనవేలికీ చుట్టుకుని, కాళ్ళు చాపి, గోనెసంచి మడత మీద కూర్చుంది. ఆమె చేతులు పొట్టివి, మణికట్లు లావు. గోళ్ళ చుట్టూ రాతిపొడి తెల్లగా పేరుకుని, ఎంత కడిగినా పోదు. రాయిని ఒక్క చూపు చూసి, ఏ పక్క కొడితే విచ్చుకుంటుందో ఆ పక్కే కొడుతుంది. ఆ పనికి ఆలోచన అక్కరలేదు, నోరు ఖాళీగా ఉంటుంది. అందుకే ఆ యార్డులో సుత్తులకన్నా మాటలు ఎక్కువ మోగుతాయి.

కంపెనీవాళ్ళు కుప్పలకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. ఏ అంటే ఏమిటో, బీ అంటే ఏమిటో ఎవరికి గుర్తుంటుంది? ఆడవాళ్ళు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. పొడిపొడిగా తెల్లనిది అన్నంరాయి. మసకది మజ్జిగరాయి. ఇనుపచార పట్టింది బెల్లంరాయి. రేకులు రేకులుగా మెరిసే అభ్రకానికి కాకిబంగారమని ఏనాటివాళ్ళో పెట్టి పోయారు. కాకి ఎత్తుకుపోతుందనో, కాకికి తప్ప ఇంకెవరికీ బంగారం కాదనో మరి. పేరు చెప్పగానే చెయ్యి దానంతటదే కుప్పవైపు పోతుంది.

ఎర్రటి గింజలు పొదిగిన రాయి ఒకటి అప్పుడప్పుడూ తగులుతుంది. గాజు ఫ్యాక్టరీకి అది పనికిరాదు, అవతల పారేయాలి. దాన్ని యార్డులో అందరూ రత్నాలరాయి అంటారు, శీనమ్మ తప్ప. మొదట్లో ఆమె వేలు చూపించేది. తర్వాత “ఆయన” అంది. అంతే, చుట్టూ చేరి చంపుకుతిన్నారు. “అత్తా, మీ ఆయన నా కుప్పలో దొరికినాడు!” అనేది పక్కన కూర్చునే రజిత. “మీ ఆయన్ని అవతల పారేస్తా ఉండా, ఏమనుకోబాక!” ఆ గోల పడలేక శీనమ్మ దానికి దానిమ్మగింజ అని పేరు పెట్టుకుంది. రానురానూ కొత్తగా పనిలో చేరినవాళ్ళు కూడా అదే అనడం మొదలుపెట్టారు.

ఆ రోజు భోజనాలప్పుడు రిహానా వచ్చింది. ఉదయగిరి పిల్ల, యూనివర్సిటీలో రాళ్ళ చదువు చదువుతోంది. జనం రాళ్ళను ఏ పేర్లతో పిలుస్తారో ఊరూరూ తిరిగి అడిగి, ఫోనులో వాళ్ళ గొంతులు పట్టుకుపోతోంది. రాళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ అన్నంరాయి దాటి, మజ్జిగరాయి దాటి, ఎర్రగింజల రాయి దగ్గరికి వచ్చింది.

“ఇదేంది పెద్దమ్మా?”

“దానిమ్మగింజ” అంది శీనమ్మ.

పందిరంతా గొల్లుమంది. రజిత అన్నం మెతుకులు పొలమారుతున్నా లెక్కచెయ్యకుండా కథంతా చెప్పింది. రిహానా మాత్రం నవ్వడం మరిచిపోయి రాయినే చూస్తోంది.

“పుస్తకాల్లో దీన్ని గార్నెట్ అంటారు పెద్దమ్మా. ఎన్నో వందల ఏళ్ళ కిందట ఎక్కడో వేరే దేశమోళ్ళు, దానిమ్మగింజ మాదిరి ఉందనే ఆ పేరు పెట్టినారంట.”

శీనమ్మ నమ్మలేదు. “అంటే ఆ దేశంలో ఆడోళ్ళకి గూడా మొగుళ్ళ పేర్లు అడ్డమొచ్చినాయా ఏంది?”

ఈసారి రిహానా కూడా కడుపు పట్టుకుని నవ్వింది. తేరుకున్నాక, రాళ్ళకు పేర్లు ఎట్లా వస్తాయో ఆడవాళ్ళందరికీ చెప్పుకొచ్చింది. కొన్నిటికి రంగును బట్టి, కొన్నిటికి దొరికిన ఊరిని బట్టి వస్తాయట. కొన్నిటికి మనుషుల పేర్లే పెడతారట.

“మనిషి పోయినాక గూడానా?” అంది శీనమ్మ.

“పోయినాక గూడా. ఆ రాయిని పిలిచినప్పుడల్లా ఆ పేరు పలకతానే ఉంటారు కదా. పేరు పెట్టేది పిలిచేదానికేగా పెద్దమ్మా.”

రిహానా వెళ్ళిపోయింది గానీ ఆ చివరిమాట వెళ్ళలేదు. శీనమ్మ సుత్తి తీసుకుంది, రాయి కొట్టింది. పిలిచేదానికే. నిజమే కదా! ఊళ్ళో అందరూ అతన్ని పిలిచారు. గనిలో మేస్త్రీ పిలిచాడు, మీటింగుల్లో పాస్టరుగారు పిలిచారు, చీట్లపేక ఆడేవాళ్ళు అర్ధరాత్రి దాకా “ఒరే రత్నం, ముక్క దించరా” అని అరిచారు. అందరి నోటా నలిగిన పేరు తన నోటికే అంటలేదు. ఆమెకు ఉన్నట్టుండి ఊరి మీద కుళ్ళు పుట్టింది. తన సొత్తు అందరూ వాడుకుంటుంటే తను మూటకట్టి అటకమీద పెట్టినట్టయింది.

ఎర్రగింజల రాయి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, సుత్తుల మోతలో ఎవరికీ వినపడదులే అని సాధన మొదలుపెట్టింది. “ర.” బాగానే వచ్చింది. “రత్.” అక్కడే మాట నిలబడిపోయింది. నీళ్ళు తాగింది. “రత్... రత్...”

“ఏందత్తా, ఎక్కిళ్ళా?” అంది రజిత.

“నీ పని నువ్వు చూసుకోవే.”

మేస్త్రీ కేశవ లారీ వచ్చిందని ఈల వేశాడు. సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి. సరిగ్గా ఆ క్షణానే ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని “రత్నం!” అంది.

శీనమ్మ కళ్ళు తెరిచి చూసేసరికి అన్ని ముఖాలూ తనవైపే ఉన్నాయి. అంత వయసు మనిషి కొత్తపెళ్ళికూతురిలా కొంగు ముఖం మీదికి లాక్కుంది. అప్పుడు చూడాలి ఆ గోల! రజిత లేచి ఈలలు వేసింది. కేశవ సంగతి తెలుసుకుని, “ఇంక నువ్వు ఇంటికి పో తల్లీ, ఆ మాట ఆరిపోకముందే చెప్పు” అని తరిమినంత పని చేశాడు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం భయం పట్టుకుంది. ఒకవేళ అవ్వ చెప్పిందే నిజమైతే? ఎండిన కందిచేలు వెనక్కి పోతున్నాయి. ఎప్పుడో చచ్చిపోయిన అవ్వతో శీనమ్మ మనసులోనే జగడం వేసుకుంది. ‘అవ్వా, నేను ఇన్నేళ్ళు నోరు కట్టుకుంటిని గదా. మరి ఆయన ఆయుష్షు ఏమైపాయె? దాచిపెట్టినావా? ఉంటే ఇప్పుడు తీసియ్యి.’ శీనమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దిగాల్సిన చోటు దాటిపోతుంటే డ్రైవరును కేకేసి ఆపించింది.

రత్నం మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖం పొద్దుటికన్నా పాలిపోయి ఉంది. ఆమె కాళ్ళు కడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుని, గుడిలో నిలబడ్డట్టు మంచం ముందు నిలబడింది.

“ఏందే, తొందరగా వచ్చినావు?”

“రత్నం” అంది.

అతని ముఖంలో ఏదో కదిలింది. పెదవులు బిగబట్టాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“ఏందీ? వినపళ్ళా.”

“చెవుడా నీకు?”

“గనిలో మందుగుండు పేలిచ్చి పేలిచ్చి పోయినాయే చెవులు. ఇంకోతూరి.”

“రత్నం.”

“ఎవురిని పిలస్తా ఉండావు?”

“నిన్నే, ముసిలి నా బట్టా! రత్నం! రత్నం! చాలా?”

నవ్వబోయాడు, దగ్గు కమ్ముకుంది. ఆమె వీపు రాస్తూ కూర్చుంది. దగ్గు తగ్గాక అతను కళ్ళు తుడుచుకుని, ఆమె రాతిపొడి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, “అయింది పెళ్ళి” అన్నాడు. “ఇంక భోజనాలు పెట్టమను. ఆకలవతా ఉండాది.”

ఆకలన్న మాట విని ఎన్నాళ్ళయిందో! శీనమ్మ పరుగున పెరట్లో పొయ్యి రాజేసింది. ఎండురొయ్యలు వేయించి, వంకాయలు కోసి పులుసు పెట్టింది. మనసు ఎంత తేలిగ్గా ఉందంటే, ఇన్నాళ్ళు ఎందుకు ఇంత రాద్ధాంతం చేశానా అని తనకే నవ్వొచ్చింది. అన్నం వార్చి, కంచంలో వడ్డిస్తూ లోపలికి కేకేసింది. ఈసారి మాట నీళ్ళలా వచ్చేసింది.

“రత్నం! లెయ్యి, అన్నం తిందువు!”

జవాబు లేదు. ఆమె గరిటె పట్టుకుని నవ్వుకుంది.

“వినపళ్ళేదా? నాకు తెలుసులే నీ ఏషాలు. రత్నం!”

ఎదురింటి అరుగు మీద మిరపకాయలు తొడిమలు తీస్తున్న రత్నకుమారికి ఆ పిలుపు వినపడి, ముందు తన చెవులే నమ్మలేదు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. శీనమ్మత్త మామను పేరు పెట్టి పిలవడమే! రేపు పాలెమంతా చెప్పాలి.

“రత్నం! ఎన్నితూర్లు పిలిపించుకుంటావయ్యా? రత్నం!”

గొంతు ఇప్పుడు పెరట్లోనుంచి కాదు, ఇంట్లోనుంచి వస్తోంది.

“రత్నం... ఇదిగో, రత్నం...”

రత్నకుమారి చేతిలో మిరపకాయలు వదిలేసి లేచి పరుగెత్తింది. పక్కిళ్ళవాళ్ళూ వచ్చారు. శీనమ్మ మంచం పట్టె మీద కూర్చుని, అతని తల ఒళ్ళోకి తీసుకుని, ఇన్నేళ్ళ పిలుపులూ ఒక్కసారే పిలుస్తోంది.

పెరట్లో పొయ్యి దగ్గర కంచం నిండా అన్నం, పులుసు పోయడానికి మధ్యలో గరిటెతో చేసిన గుంట.