సాంచా కార్డు

మా కాలేజీ లైబ్రరీలో పాత కార్డుల బీరువా ఒకటి ఉంది. కంప్యూటరు వచ్చాక దాని సొరుగులన్నీ ఖాళీ అయ్యాయి. తెలుగు చెప్పే అంబదాస్ సార్, లైబ్రేరియన్ పద్మలత మేడం కలిసి వాటికో పని పెట్టారు. మంగళవారం తెలుగు క్లాసు లైబ్రరీలోనే. మా ఇళ్లలో పనికి వాడే మాటలు మేం పట్టుకురావాలి. మేడం నిఘంటువులు తెరిచి పెడతారు. వాటిలో దొరకని మాటను, అర్థంతో సహా కార్డు మీద రాసి, కింద మా పేరు పెట్టి సొరుగులో వేయాలి.

మాది చొప్పదండి పక్క ఊరు. బాపు మరమగ్గం నడుపుతాడు. ఇంట్లో ఎవరూ దాన్ని మరమగ్గం అనరు, సాంచా అంటారు. నేను అదే రాశాను. ‘సాంచా చప్పుడు ఆగితే అవ్వ వంట ఇడిచి బయటికొస్తది’ అని ఒక వాక్యం కూడా చేర్చాను. నేను ఎవరికీ చూపని నా డైరీ బయట నా మాట ఒకటి ఉండడం అదే మొదలు.

ఆ మంగళవారం ప్రిన్సిపాల్ కరుణాకర్‌రావు సార్ లోపలికి వచ్చారు. గురువారం తనిఖీ బృందం వస్తోంది. సొరుగు లాగితే చేతికి నా కార్డే వచ్చింది.

“గిదేంది మేడం? వచ్చేటోళ్లకు గీ మొరటు మాటలు చూపెడ్తమా? ఇయ్యాల్నే తీసెయ్యండి.”

“తీసుడు కుదరదు సార్.” మేడం లావుపాటి రిజిస్టరు ఆయన వైపు తిప్పారు. “కార్డులకు గిండ్ల నంబర్లు పడ్డయి. రద్దు చెయ్యాలంటే లైబ్రరీ కమిటీ సంతకం కావాలె.”

“కమిటీల ఎవరున్నరు?”

“నేనే సార్,” అన్నారు అంబదాస్ సార్. “జర నా పెన్ను కరాబైంది.”

క్లాసంతా నవ్వింది. ప్రిన్సిపాల్ సార్ మొహం ఎర్రబడింది. కార్డు మీది పేరు చదివారు.

“కొక్కుల నవ్యశ్రీ ఎవరు?”

లేచాను. హాజరు పిలిచినా చెయ్యెత్తేదాన్నే తప్ప నోరు తెరిచేదాన్ని కాదు.

“ఇచ్చినోళ్లే వాపస్ తీసుకుంటే కమిటీ అక్కర్లేదు గదా మేడం?”

మేడం రిజిస్టరు మూసేశారు. అంబదాస్ సార్ తల దించుకున్నారు. వాళ్లిద్దరూ చేయగలిగింది అక్కడికి అయిపోయింది.

“తప్పు రాసినవ్ బిడ్డా. మరమగ్గం అనాలె. దీన్ని తీస్కొని, మంచిది ఇంకోటి రాయి.”

కార్డు నా ముందు పెట్టారు.

“ఏం నడుపుతవని అడిగితే మా బాపు సాంచా అనే అంటడు సార్. ఆయన తప్పు చెప్తుండా?”

“నేను గట్లన్ననా?”

“వాపస్ తీసుకోను సార్.”

“గురువారం వచ్చేటోళ్లు అడిగితే నువ్వే చెప్పుకోవాలె మరి,” అన్నారు ఆయన.

“చెప్త సార్.”

ఆయన వెళ్లిపోయారు. నేనే కార్డు తీసుకెళ్లి సొరుగులో అన్నిటికన్నా ముందు పెట్టాను.

“నవ్యా, అక్షరాల వరుస ఉంటది. ‘స’ ఎనుక రావాలె,” అన్నారు మేడం.

“తెలుసు మేడం. గురువారం దాంక గీడ్నే ఉంటది.”