మూడో అంతస్తు కిటికీలు

ఆమె వృత్తి భవనాల నమూనాలు చేయడం. చెల్లెలు పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ తగలబడి, మూడో అంతస్తులో చిక్కుకుని చెల్లెలు చనిపోయి నాలుగు నెలలైంది. ఆ అంతస్తు కిటికీల్లోంచి మనిషి సులువుగా బయటపడవచ్చని విచారణలో యజమాని వాదించాడు. కాలిన భవనాన్ని అప్పటికే కూల్చేశారు. మిగిలింది ప్లాను కాగితాలే. వాటి ప్రకారం యాభయ్యో వంతు కొలతలో నమూనా చేసి తెస్తానని ఆమే అధికారిని ఒప్పించింది. మర్నాడు పదింటికి ఇవ్వాలి.

గోడలు, మెట్లు నిలబడ్డాయి. కిటికీ ఊచలే లొంగడం లేదు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు కూడా ఉండదు. కటింగ్ మెషిన్ బ్లేడు మలుపు తిరిగేసరికి అట్ట పీలికలవుతోంది. పొద్దున్నుంచి పద్దెనిమిది షీట్లు పాడయ్యాయి.

"కాస్త లావుగా కోసెయ్ వదినా. ఎవరు కొలుస్తారు?" అన్నాడు చెల్లెలి భర్త.

"ఊచ లావైతే సందు తగ్గుతుంది. దొంగ నమూనా అంటారు. చేసిందంతా మట్టిగొట్టుకుపోతుంది."

మరో షీటు చిరిగింది. "నీ కాళ్లు పట్టుకుంటానే, ఒక్క కిటికీ ఇయ్యవే తల్లీ!" అని మెషిన్‌ను బతిమాలింది. మరిది నవ్వబోయి ముఖం తిప్పుకున్నాడు.

చివరికి కొత్త బ్లేడు బిగించి, ఒత్తిడి బాగా తగ్గించి, ఒకే గీత మీద ఆరుసార్లు నడిపించింది. ముందు లోపలి సందులు, తర్వాతే బయటి చట్రం. పట్టకారుతో ఎత్తితే ఊచలు చెక్కుచెదరకుండా వచ్చాయి. సాయంత్రానికి పన్నెండు కిటికీలూ అతికించింది.

విచారణ గదిలో అధికారి నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ప్లాను చేతపట్టుకుని ఊచలు కొలిపించాడు. అదే కొలతలో చేసిన మనిషి బొమ్మను సందులో పెట్టి చూశాడు. భుజాలు కాదు కదా, తల కూడా దూరలేదు. యజమాని వాదన చెల్లదని అధికారి రాయించాడు.

మధ్యాహ్నం బయటికి రాగానే మరిది మెట్ల మీద కూలబడ్డాడు.

"దారి ఉందన్నాడుగా వాడు... నమ్మేశాను వదినా. ఉన్నా ఎందుకు రాలేదే అని ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకున్నాను."

ఆమె పక్కన కూర్చుని అరచేత్తో అతని ముఖం తుడిచింది.

"పద, పిల్ల స్కూలు వదిలే వేళైంది."

"దానికేం చెప్పను?"

"అమ్మకి దారి లేదని చెబుదాం. ఇద్దరం చెబుదాం."