మూడో మూట

సంచి అడుగున నీలం రంగు యూనిఫాం. దాని మీద సద్ది డబ్బా. పక్కన, ఒరిగిపోకుండా, నీళ్ల సీసా. మధ్యలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఇంటి కాగితాలు, పెనిమిటి కుర్మయ్య ఆధార్ కార్డు, పెళ్లినాటి ఫోటో. అన్నిటికన్నా పైన, నలగకుండా, పాత చీర చెంగుతో కట్టిన రెండు బియ్యం మూటలు. ఒకటి అత్త పేరు మీద, ఒకటి మామ పేరు మీద.

ఆ రోజు పెత్రామాస. పోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే అమావాస్య. డ్యూటీలు చేసేవాళ్ల కోసమని కాలనీ గుళ్లో అయ్యగారు ఇప్పుడు పొద్దుగూకే దాకా కూర్చుంటున్నాడు. అందుకే భాగ్యమ్మ మూటలు సంచిలోనే పెట్టుకుంది. విమానాశ్రయంలో పని దిగి, అటునుంచి శంషాబాద్‌లో లాయరు దగ్గరికి, అటునుంచి గుడికి. ఇంటికి వచ్చి మళ్లీ పోవాలంటే మోకాళ్లు ఒప్పుకోవు.

సంచి సర్దడం ఆమెకు బాగా వచ్చు. కుర్మయ్య పోయిన రోజు కూడా ఆమే సర్దింది. రెండు అంగీలు, ఒక లుంగీ, తువ్వాల, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. జిప్పు పడకపోతే ఆమె మోకాలు పెట్టి అదిమింది, అతను లాగాడు. “గింత సర్దినవు, ఇగ రావద్దనుకున్నవా ఏంది?” అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

కిటికీలో చార్జింగు పెట్టిన బటన్ల ఫోను తీసి, తుడిచి, జాకెట్లో దోపుకుంది. అంకెల మీది అచ్చు అరిగిపోయి చాలా కాలమైంది. అల్లుడు కొత్త ఫోను కొనిస్తానంటే, నంబరు మారిపోతుందేమోనని వద్దంది. ఈ నంబరు ఒక్కటే కుర్మయ్యకు నోటికి వచ్చు. చదువు రాని మనిషి, పాటలాగా బట్టీ పట్టాడు.

అతను పోయింది మహారాష్ట్రలో భీవండికి, మగ్గాల కార్ఖానాలో వాచ్‌మన్ పనికి. పొలం విమానాశ్రయంలో పోయింది, ఉన్న గొర్లు ఒక్కొక్కటే పోయాయి. కూర్చుంటే పిచ్చెక్కుతోందని వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని ఆ పని సంపాదించుకున్నాడు. పది రోజులు చూసి ఆమె అక్కడి మేస్త్రీకి ఫోను చేసింది. “నీ మొగుడు రానేలేదు గదమ్మా” అన్నాడు మేస్త్రీ.

అప్పుడామె వాకిట్లో నిలబడి ఉంది. గోడ అవతల స్వర్ణలత బట్టలు ఆరేస్తోంది. “ఏమక్కా, అన్న చేరిండా?” అని అడిగింది.

“చేరిండంట” అంది భాగ్యమ్మ.

అబద్ధమాడాలని కాదు. రేపో ఎల్లుండో అదే నిజమవుతుంది కదా అనుకుంది. పెండ్లాన్ని వదిలి పారిపోయాడని కాలనీలో అనుకుంటారు, పెళ్లీడుకొస్తున్న కూతురు అఖిలను చూసి నోరు నొక్కుకుంటారు. ఆ మాట పడలేక ఈ మాట అంది. తర్వాత ఈ మాటను బతికించుకోవాల్సి వచ్చింది. దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి, బయట పదిమంది ఉన్నప్పుడు ఆ ఫోను చెవికి పెట్టుకునేది. “ఆ... తిన్నవా? జర పైలం. ఇక్కడ మంచిగనే ఉన్నం” అనేది. అవతల ఎవరూ లేకపోయినా, జవాబుకు ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలుసు. అంతసేపూ ఆగేది. ఒకసారి అఖిల ఏడ్చింది: “నాతోని ఒక్కపారి గూడ మాట్లాడడేందే?” “పనిల ఉన్నడు బిడ్డా” అంది. ఆ రాత్రి తనకు అన్నం మెతుకు దిగలేదు.

మొన్నటి దాకా ఆ మాట ఎవరికీ అన్యాయం చేయలేదు. పోయిన వారం మరిది మల్లేశ్వర్ పాల్మాకుల నుంచి ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు చెప్పులతోనే లోపలికొచ్చి గోడలు తట్టి చూశారు.

“వదినా, అన్న నాకు ఫోన్ చేసిండు. ఇల్లు అమ్మెయ్యుమన్నడు. వచ్చి సంతకం పెడతడంట.”

భాగ్యమ్మ ఆ ఇద్దరినీ వదిలి మరిది వైపు తిరిగింది. “నీకా? నీకు చేసిండా?”

“ఏం, నీకు చేసెటాయిన సొంత తమ్మునికి చెయ్యడా?” అన్నాడు మల్లేశ్వర్.

అలా అంటున్నప్పుడు అతని మూతి మీద నవ్వు ఉందో లేదో ఆమె ఎంత తలుచుకున్నా తేలలేదు.

విమానాశ్రయంలో ఆమె పని బయలుదేరేవాళ్ల వైపు. మొదట్లో దిగి వచ్చేవాళ్ల వైపు వేశారు. అక్కడ అద్దాల తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె చేతిలో నేల తుడిచే కర్ర ఆగిపోయేది. బస్సులో పోయినవాడు విమానంలో రాడని ఆమెకు తెలుసు. అయినా తల లేచేది. సూపర్‌వైజర్ మహేష్ నాలుగుసార్లు చూసి, “అమ్మా, నువ్వు నేల తుడుస్తున్నవా, చుట్టాలను ఎదుర్కొంటున్నవా?” అని ఇటు మార్చాడు. మంచివాడే.

బయలుదేరేవాళ్ల వైపు ఇంకో రకం. బరువు ఎక్కువైందంటే నేల మీదే పెట్టెలు విప్పుతారు. పచ్చళ్లు, సకినాలు, చీరలు అన్నీ బయటపడతాయి. ఏది తీసేయాలో తెలియక ఇంటిల్లిపాదీ పోట్లాడుకుంటారు. ఆ రోజు ఒక పెద్దావిడ రోలు బండ లాంటి కుక్కర్ ఒళ్లో పెట్టుకుని, “ఇది తీసేస్తే నేనే పోను” అని మొండికేసింది. భాగ్యమ్మ చుట్టూ తుడుచుకుంటూ పోయింది. ఆమెకు ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది. పోయేవాళ్లు సంచుల వైపు చూస్తారు, పంపేవాళ్లు మనిషి వైపు చూస్తారు. తాను మాత్రం ఆనాడు జిప్పు వైపు చూసింది.

పని దిగి శంషాబాద్ చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. నరేందర్ లాయరు గది పాత రోడ్డు మీద జిరాక్స్ దుకాణం పైన ఉంటుంది. ఆదివారం కోర్టు ఉండదు కాబట్టి జనం అంతా ఆ రోజే వస్తారు. లాయరుకు యాభై దాటి ఉంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, అడిగినవే మళ్లీ అడుగుతుంటే చెప్పినవే మళ్లీ చెబుతున్నాడు.

“నాది ఒక్కటే డౌట్ సార్. కిరాయికుండెటోడు ఖాళీ చేస్తలేడు. నల్లా బంద్ చేస్తే కేసైతదా?”

“అయితది.”

“కరెంటు?”

“అది గూడ అయితది.”

“మరి ఏం బంద్ చెయ్యాలె సార్?”

“లొల్లి బంద్ చెయ్యి. నోటీసు పంపుదాం.”

పక్కింటి మామిడి కొమ్మ గోడ దాటింది, ఇటు పడ్డ కాయలు మావే కదా అని ఒకావిడ. చెట్టు ఎవరిదైతే కాయలు వాళ్లవే అన్నాడు లాయరు. “మరి ఆకులు?” “ఆకులు నీయే. ఊడ్సుకో.” ఒక ముసలాయన లేచి, తాను రాసిన వీలునామా తానే మార్చుకోవచ్చా అని అడిగాడు. “పానం ఉన్నన్ని దినాలు ఎన్నిసార్లన్న మార్చుకో బాపు.” “గీ మాట జర గట్టిగ చెప్పు సారూ. నా కొడుకు మెట్ల మీదనే కూసున్నడు” అన్నాడాయన. అందరూ నవ్వారు. భాగ్యమ్మ కూడా నవ్వబోయింది కానీ పెదాలు కదల్లేదు.

ఆమె వంతు వచ్చింది. తలుపు దగ్గరికేసి కూర్చుంది.

“మా పక్కింటామెది సార్, ఒక మాట.”

“చెప్పమను పక్కింటామెను” అన్నాడు లాయరు, కళ్లు మూసుకుని.

“ఆమె పెనిమిటి పోయి తొమ్మిదేండ్లయింది. ఇల్లు ఆయన పేరు మీదుంది. మరిది అమ్ముతనంటున్నడు. ఆమెకు హక్కు ఉంటదా సార్?”

చెబుతూనే కవర్లోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. లాయరు ఫోటో చూశాడు, ఆమె మొహం చూశాడు. కాగితాలు తిప్పాడు.

“అక్కా, మనిషి పోయి ఏడేండ్లు దాటి, ఆయన సంగతి తెల్వాల్సినోళ్లెవరికీ ఏ ముచ్చటా తెల్వకపోతే, కోర్టు ఆయన లేనట్టే లెక్క పెడతది. అప్పుడు ఇల్లు నీకు, పిల్లలుంటే వాళ్లకు వస్తది. గంత దాక మరిది అమ్మకుంట ఆపమని అడుగుదాం. కానీ జల్ది చెయ్యాలె. వాడు ఎవన్నో తెచ్చి, ఇగ ఈయనే కుర్మయ్య అని నిలబెట్టి సంతకం పెట్టిస్తే, ఇడిపిచ్చుకోనీకి నీ జిందగీ సాలదు.”

ఎవరో తెలియని మనిషి కుర్మయ్య పేరు తగిలించుకుని సంతకం పెడుతున్నట్టు ఆమెకు కనబడింది. బల్ల మీది ఫోటోను తన వైపు లాక్కుంది.

“లేనట్టే అంటే... సచ్చిండనా సార్?”

“అవును.”

“మరి బొట్టు?”

లాయరు కళ్లద్దాలు దించాడు. “బొట్టుతోని కోర్టుకు పని లేదక్కా. అది నీ ఇష్టం.”

“రేపు వస్తే?”

“వస్తే వచ్చినట్టే. బతికొచ్చినోన్ని కోర్టు కాదనదు.” కాగితాలు సర్ది ఆమె వైపు తోశాడు. “ఇద్దరు సాక్షులు కావాలె. ఇరుగుపొరుగు అయితే మంచిది. తొమ్మిదేండ్లల్ల ఆయనది ఏ కబురూ రాలేదు, ఫోన్ లేదు అని చెప్పాలె. గంతే.”

భాగ్యమ్మ సంచి పిడి పట్టుకుని కూర్చుండిపోయింది. బయట ఎవరో దగ్గారు.

“ఫోన్ చేసిండని నేనే చెప్పిన సార్.”

“ఎవరికి?”

“అందరికి.”

లాయరు పెన్ను మూత పెట్టాడు. అతను కోప్పడతాడని ఆమె అనుకుంది. కోప్పడితే బాగుండేది.

“అయితే నువ్వు ముందుగాల నా దగ్గరికి కాదక్కా రావాల్సింది. వాళ్ల దగ్గరికి పోవాలె” అన్నాడు.

గుడి అరుగు మీద జనం పలచబడ్డారు. ఆడపిల్లలు గునుగు, తంగేడు పూలు సంచులకెత్తుకుని ఇళ్లకు పోతున్నారు. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలు. అయ్యగారి ముందు బియ్యం కుప్పలు, సొరకాయలు, చింతపండు ఉండలు. వరుసలో స్వర్ణలత పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. భాగ్యమ్మను చూసి జరిగి చోటిచ్చింది.

“డ్యూటీకెళ్లి గిట్లనే వస్తున్నవా? మొఖం ఏంది గట్ల పీక్కపోయింది? తినలేదా?”

“తిన్న” అంది భాగ్యమ్మ. సద్ది డబ్బా విప్పనే లేదు.

ఆమె అరుగు చివర కూర్చుని రెండు మూటలూ విప్పింది. అత్త బియ్యంలోంచి ఇంత, మామ బియ్యంలోంచి ఇంత తీసి పక్కన పోసింది. ఆ కుప్ప మరీ చిన్నగా కనిపించింది. మళ్లీ కొంచెం కలిపింది. తనది కొత్త చేతిరుమాలు ఒకటి ఉంది, అందులో కట్టింది. ముడి మొదటిసారి జారిపోయింది.

“పేర్లు చెప్పమ్మా” అన్నాడు అయ్యగారు.

అత్త పేరు చెప్పింది. మామ పేరు చెప్పింది. ఆయన నీళ్లు వదిలి, ఏటా అడిగినట్టే అడిగాడు. “ఇంకెవరన్న ఉన్నరా?”

ఏటా ఆమె లేరంటుంది. అనేసి లేస్తుంది.

“కుర్మయ్య” అంది.

అయ్యగారికి ఆ పేరు ఎవరిదో తెలియదు. చేయి చాచాడు. ఆమె మూడో మూట ఆ చేతిలో పెట్టింది. వేళ్లు వెంటనే వదల్లేదు. ఆయన మెల్లగా లాక్కుని, విప్పి కుప్పలో పోశాడు. ఆ బియ్యం మిగతా బియ్యంలో కలిసిపోయాయి.

స్వర్ణలత ఆమె భుజం పట్టుకుంది. “అయ్యో, అక్కా! ఎన్నడు? కబురు ఎన్నడొచ్చింది? మొన్న ఉగాదికి గూడ మాట్లాడితివి గద!”

“మాట్లాడలే.”

“నేను గోడకాడ్నే ఉంటి. ఇన్న.”

“ఉట్టిదే మాట్లాడిన. ఆయిన చెయ్యలే. ఎన్నడూ చెయ్యలే, స్వర్ణా. పోయిన్నాడు పోయిండు, గంతే.”

చుట్టూ ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. స్వర్ణలత చేయి భుజం మీది నుంచి దిగింది. ఆమె మొహంలో జాలి లేదు, ఇంకేదో ఉంది. సంతలో మోసపోయిన మనిషి మొహంలా ఉంది.

“నేను దండాలు పెట్టిన్నని చెప్పుమంటి గద, ప్రతిసారి.”

“చెప్పిన.”

“నన్ను అడిగిండంటివి.”

“అన్న.”

స్వర్ణలత తన వంతు వస్తే పళ్లెం దించి, వాళ్ల నాయన పేరు, అన్న పేరు చెప్పింది. ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. భాగ్యమ్మ వెనకే దిగింది. మోకాళ్లు సహకరించక ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్లతో దిగింది. కింద స్వర్ణలత నిలబడే ఉంది. అటు తిరిగి నిలబడింది.

“మల్లేశ్వర్ ఇల్లు అమ్ముతున్నడు” అంది భాగ్యమ్మ ఆ వీపుతో. “ఆయిన ఫోన్ రాలేదని లాయర్ సారుకు ఎవరన్న చెప్పాలె. కోర్టుల గూడ చెప్పాలె.”

గుడి వెనక నుంచి ఒక విమానం లేచి, చప్పుడంతా పోసి, పోయింది. వాళ్లకది అలవాటే. మాట ఆపి, అది పోయాక మళ్లీ ఎత్తుకుంటారు.

“ఎన్నడు రావాలె?” అంది స్వర్ణలత.

“రేపు.”

“వస్త. కానీ నాతోని ఇప్పట్ల మాట్లాడకు.”

ఆ సాయంత్రం కాలనీలో బతుకమ్మ ఆడుతుంటే భాగ్యమ్మను ఎవరూ పిలవలేదు. ఆమె కూడా పోలేదు. చప్పట్లు, పాట ఇంట్లోకి వినబడుతూనే ఉన్నాయి. అద్దం ముందు నిలబడి నుదుటి వైపు చూసుకుంది. చేయి ఎత్తి, మళ్లీ దించింది. బొట్టు అలాగే ఉంది. తర్వాత జాకెట్లోంచి ఫోను తీసి, తుక్కుగూడలో ఉన్న అఖిలకు చేసింది. “బిడ్డా, రేపు రా. ఒక ముచ్చట చెప్పాలె” అంది. ఈసారి అవతల నిజంగానే మనిషి ఉంది. ఎంతసేపు ఆగాలో ఆమెకు తెలియలేదు.

రేపు లాయరు కాగితం మీద రాయించాల్సింది ఇంతే: కుర్మయ్య రెండు వేల పదహారు ఆషాఢంలో, బోనాలు అయిన మరునాడు సోమవారం పొద్దున, తొండుపల్లి దగ్గర బస్సెక్కాడు. తిరిగి రాలేదు.

కిటికీలో, అచ్చు అరిగిన ఆ బటన్ల ఫోను చార్జింగు పెట్టి ఉంది.