మూడు గంటల పది నిమిషాల తీరిక

"ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఈ చొక్కాకి గుండీ కూడా కుట్టేయ్" అంటూ భర్త చొక్కా తెచ్చి ఆమె ఒళ్ళో పడేశాడు.

ఒళ్ళో అప్పటికే బఠాణీల పళ్ళెం ఉంది. పక్కన కూతురు లెక్కల పుస్తకం పట్టుకుని, లెక్కకోసారి ఆమె మోచేయి గుంజుతోంది. ఎదురుగా అత్తగారు టీవీ చూస్తూ, మందు వేళయిందా అని మధ్యమధ్యలో అడుగుతోంది. పన్నెండేళ్ళుగా ఇలాంటి మాటలు వింటూనే ఉంది, ఏనాడూ చెవికెక్కించుకోలేదు. ఈ ఆదివారం మాత్రం ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా ఈ మాటనే ఆమె నలభై పేజీల వ్యాసంగా రాసి పెద్ద పరిశోధన పత్రికకి పంపింది మరి. వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. వచ్చే నెల అచ్చు.

రెండేళ్ళ చాకిరీ అది. నలభై మంది ఇల్లాళ్ళకి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ వేళ ఏం చేశారో రాయమంది. కాలేజీలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వండి, ఆ పుస్తకాలు ముందేసుకుని ప్రతి గంటనీ పని, తీరిక, నిద్ర అని మూడు గడుల్లో సర్దింది. 'కూర్చున్నాను' అని కనిపించిన చోటల్లా తీరిక గడిలో టిక్కు పెట్టింది. పాత పరిశోధకులందరూ అలాగే చేశారు, తనూ గొర్రెలా వాళ్ళ వెనకే పోయింది. ఇల్లాలికి ఈ కాలంలో రోజుకి మూడు గంటల పది నిమిషాల తీరిక దొరుకుతోందని తేల్చింది. అది చదివి విభాగం పెద్దాయన తెగ మురిసిపోయాడు. "ఇంకేం, ప్రొఫెసర్ కుర్చీ నీదే" అన్నాడు.

పదిహేడో పుస్తకం మంచం పట్టిన మామగారిని చూసుకునే ఒకావిడది. "కూర్చుంటే తీరికేనా మేడం? నేను లేస్తే ఆయన కింద పడిపోతాడని కూర్చుంటాను" అందావిడ, పుస్తకం తీసుకోవడానికి ఈమె వాళ్ళింటికి వెళ్ళినప్పుడు. "పట్టికలో అలాగే ఉందమ్మా" అని ఈమె నవ్వేసింది. ఆవిడ టీ పెట్టుకొచ్చేదాకా మంచం పక్కనున్న ఆవిడ కుర్చీలో తనే కూర్చుని ఆ ముసలాయన్ని కనిపెట్టుకుని ఉంది కూడా. చేతిలో ఉన్న కాగితం ఒక్కటంటే ఒక్కటి తిప్పలేకపోయింది. అయినా టీ తాగి, టిక్కు పెట్టి వచ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

పళ్ళెం పక్కన పెట్టి విభాగం పెద్దాయనకి ఫోన్ చేసి, కూర్చున్నదంతా తీరిక కింద లెక్కేసి తప్పు చేశానంది.

"దానికేముంది, చిన్న సవరణ పంపు" అన్నాడాయన.

"ఆ మూడు గంటలే కదా సార్ వ్యాసమంతా. అవి తీసేస్తే సవరించడానికి ఏం మిగలదు. నలభై పుస్తకాలూ మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

"పద్నాలుగో తారీఖు ఇంటర్వ్యూ. ఈ వ్యాసం లేకపోతే నిన్ను లోపలికి కూడా పిలవరు. మళ్ళీ ఐదేళ్ళదాకా ఖాళీ రాదమ్మా, ఆలోచించుకో."

ఆలోచించుకుంది. ఆ కుర్చీ మీద ఆశ లేదంటే అబద్ధం. తలుపు మీద తన పేరున్న గది, అందులో ఎవరూ మోచేయి గుంజని బల్ల ఎన్నిసార్లు ఊహించుకుందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకుంటావా?" అన్నాడు భర్త. "ఎవరు కనిపెడతారు?"

"మీరే కనిపెట్టారు, ఇందాక."

"నేనా? నేనేమన్నాను?"

నిజంగానే అతనికి గుర్తులేదు. "అచ్చయ్యేదాన్ని ఆపుకునే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను తల్లీ" అంది అత్తగారు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

ఆమె లేచింది. చొక్కా, గుండీ, సూదీ దారం భర్త కుర్చీ చేతి మీద పెట్టి, లోపలికెళ్ళి కంప్యూటర్ తెరిచింది. వ్యాసం వెనక్కి తీసుకోవడానికి పత్రికవాళ్ళ పేజీలో ఒకే ఒక్క ప్రశ్న ఉంది. కారణం ఏమిటి? పొరపాటు అని రాసి కొట్టేసింది. లెక్కల్లో తేడా అని రాసి అదీ కొట్టేసింది. చివరికి ఉన్నదున్నట్టు రాసి పంపించింది.

"ఆ నలభై మందిలో ఒకావిడ నా లెక్క తప్పని ముందే చెప్పింది. నేను ఆవిడ కుర్చీలో కూర్చుని కూడా నమ్మలేదు."