జూన్‌బగ్‌కి విషం పెట్టిందెవరు

మే నెల వచ్చేసరికి జూన్‌బగ్ చెవుల్లో వేలు పెట్టే చోటు లేకుండా పిడుదులు పట్టేశాయి. మా ఓజార్క్ కొండల్లో పిడుదులు లేని కుక్క ఉండదు. ఆ మాటకొస్తే పిడుదు కుట్టని మనిషీ ఉండడు. చర్చిలో పాస్టరు ప్రార్థన మధ్యలో మోకాలి వెనక గోక్కుంటాడు, ఎవరూ నవ్వరు. కానీ ఈ ఏడు సంగతి వేరు. చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో, రక్తం తాగి శనగగింజలంత ఉబ్బినవి కొన్ని, వాటి పక్కనే ఆవగింజలంత పిల్లలు బోలెడు. దాని దుప్పటి దులిపితే జలజలా రాలేవి. వంటింటి గోడ మీద పాకుతుంటే చెప్పుతో కొట్టీ కొట్టీ నా చెయ్యి పడిపోయింది.

జూన్‌బగ్ కోలీ జాతి ఆడకుక్క, మా ఆవుల్ని తోలేది అదే. నా మొగుడు హోయ్ట్ లారీ మీద దేశమంతా తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఉండేది నేనూ, మా మామగారు ఆర్విల్, అదీ. ఆయనకి ఎనభై దాటాయి, చూపు సగం పోయింది. బండ్ల తాళాలు నేనే తీసి దాచేశాను. పేరుకి కుక్క ఇంటిల్లిపాదిదీ, కానీ అది పడుకునేది ఆయన కుర్చీ కింద, తినేది ఆయన కంచంలో సగం. సాయంత్రం ఆయన దాని వీపు నిమురుతూ వేళ్లకి తగిలిన ప్రతి పిడుదు దగ్గరా ఆగి, "ఇదిగో, ఇంకోటి," అనేవాడు. కళ్లు కనపడక తియ్యలేడు. నేను పట్టకారుతో లాగి కిరసనాయిలు సీసాలో పడేసేదాన్ని. ఇవాళ తీసినచోట రేపు మళ్లీ ఉండేవి.

పశువుల డాక్టరమ్మ లూసిండా మాత్రలు ఇచ్చింది. నెలకొకటి నమిలిస్తే చాలు, పిడుదులు కుట్టినవి కుట్టినట్టే చచ్చి రాలిపోతాయంది. నాకు నమ్మకం కుదరలేదు. కడుపులోకి పోయిన మందు చర్మం మీది పురుగుని చంపుతోందంటే ఒళ్లంతా విషం పారుతున్నట్టే కదా అన్నాను. ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. అంత ఓపిగ్గా చెప్పేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. ఆ డబ్బా తెచ్చి అల్మరా మీద పారేశాను. "ఒక్కటి వేసి చూడరాదూ అమ్మాయ్," అన్నాడు మామయ్య ఓసారి. ఆయన వైపు ఒక చూపు చూశాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇక ఈ పిడుదులు ఎక్కణ్ణుంచి వచ్చి పడుతున్నాయో నాకు ముందే తెలుసు. పక్క పొలం లైల్ టాకెట్. వాడు మా కంచె పక్కనే జింకల కోసం మొక్కజొన్నలు పోస్తాడు, వేటకాలానికి మచ్చిక అవుతాయని. జింకలు వచ్చి తిని, ఒంటి మీద ఉన్నవి మా గడ్డిలో దులిపి పోతాయి. అది చాలదన్నట్టు పిడుదుల్ని ఏరుకు తింటాయని గినీ కోళ్లు పెంచుతాడు. జింకల్ని పిలిచేదీ వాడే, కోళ్లని వదిలేదీ వాడే. కిందటి నెల జూన్‌బగ్ కంచె దూకి వాటిలో నాలుగైదింటిని కొరికేసింది. ఆ రోజు లైల్ మా గేటు దగ్గరికి వచ్చి, చచ్చిన కోడిని నా కాళ్ల ముందు పడేసి, ఇంకోసారి దాటితే తన పూచీ లేదని చెప్పి పోయాడు. నేనూ ఊరుకున్నానా, అనాల్సినవన్నీ అన్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి జూన్‌బగ్ తప్పతాగినవాడిలా తూలుతోంది. నోటి నుంచి చొంగ. కళ్లలో నల్లగుడ్డు తప్ప ఇంకేం లేదు. పిలిస్తే నా వైపు రాబోయి తలుపుకి గుద్దుకుంది. వంట అయ్యేలోపు వరండాలో పక్కకి పడిపోయి, కాళ్లతో గాలిలో ఈదడం మొదలుపెట్టింది. మరుక్షణం ఒళ్లు మండింది. తిన్నగా కంచె దగ్గరికి నడిచాను. గడ్డిలో నలిగిన మైనపు కాగితం ఒకటి దొరికింది, వాసన చూస్తే వేరుశనగ ముద్ద. దాన్ని జేబులో పెట్టుకున్నాను. ఎవరు, ఎందుకు అన్నవి నాకు ఇక వెతుక్కునే పని లేదు.

పట్నంలో లూసిండా ఆస్పత్రికి తీసుకెళ్లాం. దారంతా దాని తల మామయ్య ఒళ్లోనే ఉంది. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, నేను ఒక్క క్షణం ఆపలేదు. లైల్ పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి వాడి తాతని కూడా వదల్లేదు. కాగితం బల్ల మీద పెట్టి, పక్కింటాడు విషం పెట్టాడని డాక్టరమ్మకి చెప్పాను. చలికి ఇంజను గడ్డకట్టకుండా కారుల్లో పోసే ఆ తియ్యటి విషపు నీళ్లే కలిపి ఉంటాడన్నాను.

డాక్టరమ్మ దాని కళ్లలోకి లైటు వేసి చూసి, నెమ్మదిగా అడిగింది. "ఆవులకి వేసే పురుగుల మందు గానీ, గుర్రాలకి వేసే ముద్ద గానీ, ఎవరైనా దీనికి పెట్టారా? పిడుదులు పోతాయని కొందరు పెడుతుంటారు. ఆలోచించి చెప్పండి."

"మా ఇంట్లో అంత బుద్ధిలేనివాళ్లు ఎవరూ లేరు," అన్నాను.

అసలు ఆ ప్రశ్నే నాకు అనుమానంగా తోచింది. ఆవిడా లైలూ ఒకే చర్చి. వాణ్ణి తప్పించడానికి నా ఇంటి మీదకి తోస్తోందనుకున్నాను. అందుకే ఆవిడకి బాగా వినపడేలా అన్నాను: "ఇది చేసినవాడెవడో తేలనివ్వండి. ఎవడైనా సరే, ఎంత దగ్గరివాడైనా సరే, ఇక నా గడప తొక్కనివ్వను. నా చేత్తో గుక్కెడు నీళ్లు కూడా పుట్టవు వాడికి." లైల్ ఏటా గడ్డికోతలప్పుడు నా బల్ల దగ్గరే భోంచేస్తాడు, అందుకని అన్న మాట అది.

మామయ్య టోపీ చేతుల్లో తిప్పుకుంటూ గోడవారగా నిలబడి ఉన్నాడు. "డాక్టరమ్మా, అది ఒంట్లోంచి దిగడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు.

ఏది దిగడానికని ఆవిడ తిరిగి అడిగింది. ఏదైనా సరే అన్నాడాయన, చూపు నేల మీద పెట్టి. విషం దిగేదేమిటి మామయ్యా, మీరు కూర్చోండని నేనే కసిరాను. ముసలితనం అనుకున్నాను. డాక్టరమ్మ ఆయన వైపు ఇంకో క్షణం చూసింది గానీ, ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

రక్తం తీసి పరీక్షకి పంపారు. నేను చెప్పిన విషమే అయితే మూత్రపిండాలు ఈపాటికే పోయి ఉంటాయనీ, రేపు మధ్యాహ్నానికి తెలివి రాకపోతే దాన్ని ఇంకా బాధపెట్టకుండా ఇంజెక్షను ఇచ్చి పంపేయడమే దయ అనీ చెప్పింది. నేను తలూపాను. ఇంటికి వచ్చాక మామయ్య అన్నం ముట్టలేదు. కుర్చీ కింద ఖాళీ దుప్పటి మీద కాలు పెట్టకుండా, రెండు పాదాలూ పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు.

తెల్లారి పశువులకి మేత పడేసి తిన్నగా లైల్ ఇంటికి పోయాను. వాడు కంచె తీగ బిగిస్తున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. పోలీసు షెరీఫ్‌కి ఫోన్ చేస్తానన్నాను. వాడు తీగ వదిలేసి, చేతి తొడుగులు తీసి, నిదానంగా నా వైపు తిరిగాడు.

"చూడమ్మా జెనీవా. నీ కుక్క నా కోళ్లని కొరికిన రోజు నా భుజాన తుపాకీ ఉంది. ఆ రోజే కాల్చి ఉంటే ఈ కౌంటీలో ఒక్కడూ నన్ను తప్పు పట్టేవాడు కాదు, షెరీఫ్‌తో సహా. కాల్చలేదు. మీ మామ ముఖం చూసి ఊరుకున్నాను. ఇప్పుడు దొంగచాటుగా విషం పెడతానా?"

మా కొండల్లో అది నిజమే. పక్కవాడి కోళ్ల మీద, గొర్రెల మీద పడిన కుక్కని ఎవరైనా కాల్చచ్చు, ఆ మీదట ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కాఫీ తాగచ్చు. విషం మటుకు ఎవరూ పెట్టరు. నాకు ఆ సంగతి తెలియక కాదు. తెలిసినా వెనక్కి తగ్గడం నా ఒంట్లో లేదు. మరి ఈ కాగితమేమిటని నిలదీశాను.

"నన్నడుగుతావేం? శనివారం పొద్దున మీ మామ ఆ కంచె పక్కనే కూర్చుని కుక్కకి ఏదో తినిపిస్తున్నాడు. చెయ్యి ఊపాను, చూడలేదు. మీ మామనే అడుగు, ఏం పెట్టాడో."

కళ్లు కనపడని ముసలాయన మీదకి తోస్తావా అని మళ్లీ నోరు పారేసుకుని వచ్చేశాను. కానీ వచ్చేదారిలో కాళ్లు వాటంతటవే పశువుల కొట్టం వైపు తిరిగాయి. మందులు పెట్టే పాత ఫ్రిజ్ తెరిచాను. ఆవుల పురుగుల మందు సీసా ముందు వరసలో ఉంది. మేం ఆ మందు వేసింది మార్చిలో. పక్కన సిరంజి. దాని కొసకి వేరుశనగ ముద్ద అంటుకుని ఉంది. ఆవులకి మేం వేరుశనగ ముద్ద పెట్టం.

ఆవుకి ఇంత, దూడకి ఇంత అని కంటితో కొలిచి మందు వేసే చెయ్యి మామయ్యది. అరవై ఏళ్లు వేసింది. కుక్కకీ ఓ చుక్క తక్కువ అని కొలిచి ఉంటుంది. నాకు చెప్పి చేస్తే నేను ఒప్పుకోను. ఒప్పుకోనని తెలిసే నేను మార్కెట్టుకి వెళ్లిన పొద్దు చూసుకుని కంచె దాకా తీసుకెళ్లి పెట్టాడు. నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడు గోడ పక్కనే నిలబడి నోరు కుట్టుకున్నాడే, నేను లైల్ తాతని కూడా తిడుతుంటే వింటూ కూర్చున్నాడే అని, వరసగా అన్నీ పేర్చుకుంటూ ఇంట్లోకి పోయాను.

కుర్చీ ఖాళీ. గదిలో లేడు. పెరట్లో హోయ్ట్ పాత ట్రక్కు లేదు. నేను తాళాలు దాచిన చోటు ఆయనకి ఎప్పటి నుంచి తెలుసో. దొరికిపోతానని పారిపోయాడనుకున్నాను ముందు. ఎదురుగా వచ్చే బండి కూడా సరిగా కనపడని మనిషి, ఆ మలుపుల రోడ్డు మీద. అప్పుడు గుర్తొచ్చింది, డాక్టరమ్మ ఇంజెక్షనుకి చెప్పిన మధ్యాహ్నం కాబోతోందని.

నా కారుని అంత వేగంగా ఎప్పుడూ తోలలేదు. ఆస్పత్రి ముందు ట్రక్కు రెండు బండ్ల చోటు ఆక్రమించి అడ్డంగా ఉంది, ఒక అద్దం విరిగిపోయి. లోపల డాక్టరమ్మ ఎదురొచ్చింది.

"ఆయన వచ్చి చెప్పారు," అంది. "మందు పేరు, ఎంత వేశారో కూడా. కోలీ కుక్కలకి ఆ మందు మెదడుకెక్కుతుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉంటాయి, కానీ ఓపిగ్గా కనిపెట్టుకుని ఉంటే చాలావరకు తేరుకుంటాయి. మీరు చెప్పిన విషం లెక్కనయితే ఈపాటికి నేను ఇంజెక్షను ఇచ్చేసి ఉండేదాన్ని."

పిడుదులు ఆ మందుకి సరిగా చావవు కూడా అని ఆవిడే చెప్పింది. ఆ మాత్రల డబ్బా ఏం చేశారని అడిగింది. అల్మరా మీద ఉందని చెప్పాను.

వెనక గదిలో నేల మీద పరుపు వేసి జూన్‌బగ్‌ని పడుకోబెట్టారు. పక్కన మామయ్య మోకాళ్ల మీద కూర్చుని, వేడినీళ్ల సీసా దాని పొట్టకి ఆనించి పట్టుకుని ఉన్నాడు. ఒకే పక్క పడుకుంటే ఊపిరితిత్తులు దెబ్బతింటాయట, గడియకోసారి అటూ ఇటూ తిప్పాలట. నర్సు చేయబోతే తనే చేస్తానన్నాడట. నేను దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు నోట్లోనే ఉన్నాయి.

"నిన్న ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నిన్న చెప్పాల్సిందే అమ్మాయ్. చేసినవాణ్ణి గడప తొక్కనివ్వనని నువ్వు అన్నాక భయం వేసింది. కుక్క పోతే పోయిందిలే, నాకు ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే కదా అనుకున్నాను. రాత్రంతా అలాగే సరిపెట్టుకున్నాను. పొద్దున దాని దుప్పటి చూశాక ఇక నా వల్ల కాలేదు."

నేను తలుపు పట్టుకుని నిలబడిపోయాను. ఈ కౌంటీలో నేను అనుమానించని మనిషి లేడు. ఒకే బల్ల మీద పదిహేడేళ్లుగా అన్నం తింటున్న ముసలాయన నన్ను చూసి భయపడుతున్నాడని మాత్రం ఒక్కనాడూ అనుమానం రాలేదు. కోపం ఎటు పోయిందో తెలీదు.

సాయంత్రానికి జూన్‌బగ్ నాలుక కదిపింది. ఆయన వేళ్లతో తడిపిన నీళ్లు రెండు మూడు చుక్కలు మింగింది. డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఇక దానికి గండం గడిచినట్టేననీ, నిలబడ్డానికి ఇంకా చాలా రోజులు పడుతుందనీ చెప్పింది. రాత్రికి నర్సు కనిపెట్టుకుని ఉంటుందని మమ్మల్ని వెళ్లమంది. నేను మామయ్య టోపీ అందుకుని, మోకాళ్లు పట్టేసిన ఆయన్ని రెక్క పట్టి లేపాను.

"పదండి మామయ్యా, ఇంటికి పోదాం. పొద్దున్నే మళ్లీ వద్దాం."

ఆయన టోపీ తీసుకుని పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఏ ఇంటికి జెనీవా?"

ఎత్తిపొడుస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.