గడప దగ్గర చెప్పిన పేరు

"చెంబు," అంది బుల్లెమ్మ, చెంబు పైకెత్తి చూపిస్తూ.

"చెంబు," అన్నారు పంతులుగారు.

"పీట."

"పీట."

ఈసారి పేరు చెప్పకుండా విసనకర్ర చూపించి, ఇదేమిటని అడిగింది. పంతులుగారు దానికేసి చాలాసేపు చూసి "చెంబు" అన్నారు. తప్పని తనకే తెలిసి తల దించుకున్నారు. బుల్లెమ్మ బెత్తం పట్టే గురువు కాదు. ఇంకా నిద్రమత్తు వదల్లేదులెండి అని, ఆ విసనకర్రతోనే ఆయనకు నాలుగుసార్లు విసిరి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

తొలకరి రోజుల్లో అరుగు మీద పిల్లలచేత ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ పంతులుగారు పక్కకి ఒరిగిపోయారు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. వీధిబడి మూతపడి పిల్లలు సర్కారు గ్రాంటు బడికి వెళ్ళిపోయారు. వైద్యుడు మాత్ర అరగదీసి ఇచ్చి, మాట సంగతి దైవాధీనమన్నాడు. దైవానికి తీరిక చిక్కేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడమెందుకని బుల్లెమ్మ తనే బడి పెట్టింది.

ఆమెకు అక్షరం ముక్క రాదు. అయితేనేం, కాపరానికి వచ్చినప్పటినుంచీ వంటింట్లో పని చేసుకుంటూ అరుగు మీది బడి వింటూనే ఉంది. గురువు ఒకసారి అనాలి, పిల్లలు ఒకసారి అనాలి, తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ఆ పద్ధతే ఆమెదీ. నలుపు తగ్గిన జుట్టు ముడివేసుకుని, పిండి అంటిన చేతులతోనే ఎదురుగా కూర్చుని, ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ఆయనకు తిరిగి ఇస్తోంది. చిత్రమేమిటంటే, ఆమె గొంతులో విన్న మాటే ఆయన నోట నిలుస్తుంది. ఇంకెవరు చెప్పినా గోడకు చెప్పినట్టే.

మంత్రాలు మాత్రం పోలేదు. చిన్నప్పుడు వల్లె వేసినవి కాబట్టి కాబోలు, ఎక్కడ దాగి ఉన్నాయో, సంధ్యవేళ పీట మీద కూర్చోబెడితే గడగడా వచ్చేస్తాయి. ఇబ్బందల్లా చివర్లో ప్రవర దగ్గర. నాలుగు సముద్రాల దాకా అందరికీ శుభం కలగాలని మొదలుపెట్టి, ఋషులనూ గోత్రాన్నీ చెప్పి, చేతులు చెవులకు తాకించి, ఫలానా శర్మను నమస్కరిస్తున్నానంటూ తన పేరు చెప్పుకోవాలి. సరిగ్గా అక్కడ ఆగిపోతారు. ఆ పేరు ఆయనకు గుర్తు లేదు. బుల్లెమ్మకేసి చూస్తారు. ఆమె కళ్ళు దించుకుంటుంది. రోజూ ఇదే వరస.

ఆయన పేరు చలపతి. చెప్పడానికి మనకేం, మనం ఆయన భార్యలం కాదు. ఆమెకు అలా కాదు. భర్త పేరు నోట పలికితే ఆయన ఆయుస్సు తగ్గుతుందని తల్లి చెప్పింది, అత్తగారు చెప్పింది. అందుకే తిరుపతి దేవుణ్ణి కూడా ఏడుకొండలవాడనే తప్ప మరోమాట అని ఎరగదు. ఎదురింటి మనవడికి అదే పేరు పెడితే, వాణ్ణి "ఒరే అబ్బీ" అని పిలిచి ఊరందరి వేళాకోళమూ పడింది. పంతులుగారూ ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు, "ఇదిగో" అనేవారు. పురోహితుడు భాస్కరం వచ్చి ఆయన చెవిలో ఆయన పేరు గట్టిగా అరిచి చూశాడు. ఎవరో వచ్చారనుకుని పంతులుగారు వీధి గుమ్మంకేసి చూశారు.

పేరు తెలియకుండా ఈ మనిషి వెళ్ళిపోతే పైన ఎవరని చెప్పుకుంటాడు? చెబుదామంటే, పలికిన నోటితోనే ఆయన్ని పోగొట్టుకుంటానేమో. ఈ రెండింటి మధ్యా బుల్లెమ్మ నలిగిపోతోంది.

మధ్యాహ్నం లోవమ్మ ఇసుక గంప దించింది. ఆమె గోదావరిలో చేపలు వేటాడుకునే పోతురాజు పెళ్ళాం. పిల్లలు అక్షరాలు దిద్దుకునే మెత్తని ఇసుక ఏటి మధ్య లంకలోంచి ఏళ్ళ తరబడి తెచ్చి పోస్తోంది. బడి లేదు కదే అంటే, చేతులు ఊరుకోవండి అంది. పంతులుగారు ఎడమచేత్తో ఆ ఇసుకను సర్దుకుంటున్నారు. దిద్దించి దిద్దించి అరిగిన ఆయన కుడిచేతి చూపుడువేలు ఒళ్ళో నున్నగా, కదలకుండా పడి ఉంది. అది చూసి బుల్లెమ్మకు దుఃఖం ఆగలేదు. అరుగు కింద నిలబడ్డ లోవమ్మకు ఉన్నదంతా చెప్పేసింది.

లోవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మంచు పడితే పడవలకి ఒడ్డు కనపడదండి అమ్మగోరూ. ఆడోళ్ళందరం రేవులో నిలబడి, ఎవరి మొగుణ్ణి ఆళ్ళం పేరెట్టి కేకేత్తామండి. ఆ గొంతు పట్టుకునే ఒడ్డుకొత్తారు. ఆయుస్సు తగ్గుద్దని మేం నోరు మూసుకుంటే ఆళ్ళు సముద్రంలోకే పోతారండి."

"మరి ఇంటికి వచ్చాకో?"

"మామూలేనండి, మావా అంటాం."

బుల్లెమ్మకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది ఆమె నవ్వి. లోవమ్మ వెళ్ళిపోయాక అప్పడాల పిండి పిసుకుతున్నంతసేపూ మంచులో కేకలు వేసే ఆడవాళ్ళే ఆమె మనసులో మెదిలారు.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడు వాళ్ళ పెళ్ళి. పిల్ల గడప దాటబోతుంటే ఆడపడుచులు అడ్డంగా నిలబడి, 'నేనూ, ఫలానావారూ వచ్చాం' అని మొగుడి పేరు చెబితేగాని లోపలికి రానివ్వమన్నారు. అది ముచ్చట, దానికి దోషం లేదు. పక్కనున్న పెళ్ళికొడుకు చేతా ఆమె పేరు చెప్పించారు. అదే మొదలు, అదే చివర. తర్వాత ఇద్దరి పేర్లూ ఆ గడప దగ్గరే ఉండిపోయాయి.

పొద్దు వాలింది. పంతులుగారిని పీట మీద కూర్చోబెట్టి, పంచపాత్రలో నీళ్ళు పోసి, పడిపోయిన ఆ అరచేతిని తన చేత్తో పట్టుకుని, ఉద్ధరిణితో నీళ్ళు వేసింది. మంత్రాలు సాగాయి. నాలుగు సముద్రాలు దాటాయి, ఋషులు దాటారు, గోత్రం దాటింది. పంతులుగారు ఆగి ఆమెకేసి చూశారు.

ఈసారి బుల్లెమ్మ కళ్ళు దించుకోలేదు. లేచి వెళ్ళి గడప అవతల నిలబడింది. ద్వారబంధం పట్టుకుంది. ఏడుకొండలవాడికి మనసులోనే దండం పెట్టుకుంది.

"నేనూ, చలపతిగారూ వచ్చామండి."

పంతులుగారి మొహంలో ఏదో కదిలింది. ఎక్కం సగం అందిస్తే మిగతా సగం చెప్పే పిల్లవాడిలా, తడుముకోకుండా అన్నారు:

"నేనూ, బుల్లెమ్మా వచ్చాం."

ఆమె గడప మీదే కూలబడి ఏడ్చింది. సంతోషమే. అంతలో లోపల మళ్ళీ ప్రవర మొదలైంది. పరుగున వెళ్ళి, లేవని ఆయన కుడిచేతిని ఎత్తి చెవికి తాకించి పట్టుకుంది. చలపతిశర్మ తన పేరు తను చెప్పుకుని, ఒంగి నమస్కారం చేశారు. ఆ రాత్రి చారన్నం తినిపిస్తుంటే "ఇదిగో" అన్నారు. ఏమిటండీ అంటే ఏమీ లేదు, ఊరికే నవ్వారు.

తెల్లవారి ఆమె కాలవనుంచి బిందెతో వచ్చేసరికి ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. తన వల్లనేనా అనుకుంది. ఆ అనుమానం ఆమెను బతికినన్నాళ్ళూ వదల్లేదు. కానీ మంచులో ఆయన్ని ఒంటరిగా వదిలెయ్యలేదన్న ధైర్యమూ దాని పక్కనే ఉండేది. ఊరు ఊరంతా వచ్చింది. పంతులుగారు పోయారు, పంతులుగారు పోయారు అనుకున్నారు అందరూ. లోవమ్మ అరుగు కింద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లోపల పీట ముందు పంచపాత్రలో నిన్నటి నీళ్ళు అలాగే ఉన్నాయి; అందులో ఉద్ధరిణి పిడి ఆమె కూర్చునే వైపుకే తిరిగి ఉంది.